పాఠశాల చదువు ముగిశాక సరుకు ఓడల్లో ఉద్యోగం: నిర్ణయానికి ముందు వరుసగా చేయవలసిన పనులు

సరుకు ఓడల మీద ఉద్యోగం చేయాలనుకునే విద్యార్థులు గానీ, వారి తల్లిదండ్రులు గానీ మొట్టమొదట అడిగే ప్రశ్న ఏ శిక్షణ సంస్థలో చేరాలన్నది. నిజానికి ఆ ప్రశ్న చాలా తరువాత రావాలి. ఈ వృత్తిలో తరగతి గదిలో నేర్చిన చదువు ఎంత గొప్పదైనా దానంతటదే ఎవరినీ ఓడ అధికారిని చేయదు. ఓడ మీద గడిపిన నెలలు, ఆ నెలలకు కెప్టెన్ సంతకంతో, ఓడ ముద్రతో ఉన్న రుజువు ఉంటేనే యోగ్యతా పత్రం చేతికి వస్తుంది. ఆ నెలలనే ఈ రంగంలో సీ టైమ్ అంటారు. శిక్షణ సంస్థలో సీటు రుసుము కడితే దొరుకుతుంది గానీ, ఓడ మీద చోటు కంపెనీ పిలిస్తేనే దొరుకుతుంది. చదువు ముగించుకుని, ఓడ దొరకక, కంపెనీల మెట్లు ఎక్కి దిగుతూ ఏళ్లు పోగొట్టుకున్నవారు అనేక దేశాల్లో ఉన్నారు. కాబట్టి కింది పనులను ఇక్కడ చెప్పిన వరుసలోనే చేయండి. తక్కువ ఖర్చుతో ‘ఇది మీకు కాదు’ అని తేల్చగల పరీక్షలు ముందు, ఎక్కువ డబ్బు కట్టవలసినవి చివర ఉండేలా ఈ వరుసను ఏర్పరచాను.

1. రుసుము కట్టకముందే వైద్య పరీక్ష చేయించుకోండి

నావికుల శిక్షణ, యోగ్యతా పత్రాలు, వాచ్ (వంతులవారీ కాపలా) విధులకు సంబంధించి 1978లో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. దానిని వాడుకలో ఎస్‌టీసీడబ్ల్యూ అంటారు. ప్రపంచంలో ఏ దేశపు ఓడ ఎక్కాలన్నా ఈ ఒప్పందం ప్రకారం ఇచ్చిన వైద్య ధ్రువపత్రం ఉండాలి. అది రెండేళ్ల వరకు చెల్లుతుంది. పద్దెనిమిదేళ్లు నిండనివారికైతే ఒక్క ఏడాదే. ఏ వైద్యుడు పడితే ఆ వైద్యుడు ఇచ్చిన పత్రం పనికిరాదు. మీ దేశపు నౌకాయాన శాఖ గుర్తించిన వైద్యుల జాబితా నుంచే ఒకరి దగ్గరికి వెళ్లాలి.

ఈ పరీక్షలో ఎక్కువమందిని నిరాశపరిచేది రంగుల చూపు. ఓడ ఎడమ పక్క ఎరుపు దీపం, కుడి పక్క ఆకుపచ్చ దీపం రాత్రంతా వెలుగుతాయి. చీకట్లో ఒక ఎర్ర దీపం మాత్రమే మీకు కనిపిస్తే ఆ ఓడ తన ఎడమ పక్కను మీకు చూపిస్తూ మీ ఎడమ వైపుకు సాగిపోతోందని అర్థం. ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకేసారి కనిపిస్తే అది సూటిగా మీ మీదికే వస్తోంది. ఈ రెండింటినీ పోల్చుకోలేని కన్నుకు డెక్కు అధికారి, అంటే ఓడను నడిపించే అధికారి, ఉద్యోగం ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. వర్ణాంధత ఉన్నట్టు చాలామందికి ఆ రోజు వరకు తెలియనే తెలియదు, ఎందుకంటే నిత్యజీవితంలో అది అంతగా అడ్డు రాదు. చుక్కల మధ్య అంకెలు దాగి ఉండే ఇషిహారా పటాలతో చేసే ప్రాథమిక పరీక్ష ఏ కంటి వైద్యుడి దగ్గరైనా కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. ముందుగా అది చేయించుకోండి. ఇంజిన్ విభాగానికి ప్రమాణం కొంత సడలింపుతో ఉంటుంది కనుక, స్వల్ప లోపం ఉన్నవారు వైద్యుడిని ఆ సంగతి విడిగా అడగాలి. కళ్లద్దాలు ఉండటం దానంతటదే అనర్హత కాదు. నిర్ణీత హద్దులో ఉంటే సరిపోతుంది, అయితే ఓడకు వెళ్లేటప్పుడు అదనంగా మరో జత తీసుకుపోవాలి.

ఆస్తమా, మూర్ఛ, ఇన్సులిన్ అవసరమయ్యే మధుమేహం వంటివి ఉంటే దాచిపెట్టి గట్టెక్కాలని చూడకండి. వంద మందికి తక్కువగా ఉండే ఓడలో వైద్యుడు ఉండాలన్న నియమం లేదు. అంటే మామూలు సరుకు ఓడలో వైద్యుడు ఉండడు; శిక్షణ పొందిన అధికారి ఒకరు, సాధారణంగా సెకండ్ ఆఫీసర్, ఒడ్డున ఉన్న డాక్టర్ల సలహాను రేడియోలోనో ఉపగ్రహ ఫోనులోనో వింటూ మందు ఇస్తాడు. నడిసముద్రంలో హెలికాప్టర్ అందని దూరంలో మూర్ఛ వస్తే ఏమవుతుందో ఊహించుకుంటే ఈ నియమాల కాఠిన్యం అర్థమవుతుంది. సముద్రపు వికారం గురించి మాత్రం అతిగా భయపడనక్కరలేదు. చాలామందికి మొదటి కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. వాతావరణం బాగా చెడినప్పుడు పాతికేళ్ల అనుభవం ఉన్నవారికి కూడా వస్తుంది.

2. ఆ పని రోజువారీగా ఎలా ఉంటుందో తెలుసుకుని, అది మీకు ఒప్పుతుందా అని ఆలోచించండి

ఈ వృత్తిని చూపించే ఛాయాచిత్రాల్లో తెల్లని యూనిఫాం, నీలి సముద్రం, విదేశీ రేవులు ఉంటాయి. పనిదినంలో ఎక్కువ భాగం బాయిలర్ సూట్, వేళ్ల దగ్గర ఇనుప తొడుగున్న బూట్లు, చెవులకు రక్షణ కవచాలతో గడుస్తుంది. రేవుల్లో నిలిచే సమయం కూడా తగ్గిపోయింది. కంటైనర్ ఓడ చాలాసార్లు ఒక్క రోజులోనే సరుకు దింపి, ఎక్కించుకుని కదిలిపోతుంది, ఆ గంటల్లోనే మీకు పని ఎక్కువగా ఉంటుంది. ప్రపంచాన్ని చూడవచ్చన్న ఒక్క ఆశతో రాదలచినవారు మరొక దారి చూసుకోవడం మేలని నా అభిప్రాయం.

మూడు వందల మీటర్ల పొడవున్న ఓడను నడిపేది సుమారు ఇరవై, ఇరవై అయిదు మంది. బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే పై గదిలో, కాపలా నాలుగు గంటల చొప్పున తిరుగుతుంది. సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు వరకు థర్డ్ ఆఫీసర్, పన్నెండు నుంచి నాలుగు వరకు సెకండ్ ఆఫీసర్, నాలుగు నుంచి ఎనిమిది వరకు చీఫ్ ఆఫీసర్. పగలూ అంతే, రాత్రీ అంతే. అర్ధరాత్రి పన్నెండుకు లేచి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా మాట్లాడకుండా నిలబడి, నాలుగింటికి దిగి పడుకుని, మళ్లీ మధ్యాహ్నం పన్నెండుకు ఎక్కాలి. ఇది ఒక వారం కాదు, ఓడలో ఉన్నన్ని నెలలూ.

కింది స్థాయి డెక్కు సిబ్బందికి, క్యాడెట్లకు, అంటే శిక్షణలో ఉన్న కాబోయే అధికారులకు, తుప్పుతో నిత్య యుద్ధం. ఉప్పు గాలికి పొక్కిన రంగును సుత్తితో కొట్టి, తీగ బ్రష్షుతో గీకి, ప్రైమర్ పూసి, ఆపై రంగు వేయాలి. ఓడ ఆ చివరికి చేరేసరికి ఈ చివర మళ్లీ తుప్పు మొదలవుతుంది. రేవులో ఓడను కట్టేటప్పుడు చేసే పని అంతకన్నా ప్రమాదకరమైనది. తొడ లావు మోకులు వించి (మోకులను చుట్టి లాగే యంత్రం) మీద బిగుసుకుంటూ మూలుగుతాయి. అలా బిగిసిన మోకు తెగితే వెనక్కి విసురుగా కొట్టే దెబ్బ మనిషి ప్రాణం తీయగలదు. అందుకే మొదటి రోజు నుంచే బోసన్, అంటే డెక్కు సిబ్బందికి పెద్ద, ఎక్కడ నిలబడకూడదో ముందు నేర్పుతాడు. ఎలా లాగాలో తరువాత. ఇంజిన్ గదిలో వేడి నలభై డిగ్రీలు దాటడం వేడి సముద్రాల్లో మామూలే, అక్కడ ఒకరితో ఒకరు సైగలతో మాట్లాడుకుంటారు.

ఇంకొక ప్రమాదం కంటికి కనిపించదు. మామూలు గాలిలో ప్రాణవాయువు సుమారు 20.9 శాతం ఉంటుంది. మూసివున్న ట్యాంకులో, లంగరు గొలుసు పడివుండే గదిలో తుప్పు పట్టే ఇనుమే ఆ ప్రాణవాయువును తినేస్తుంది. లోపలికి దిగినవాడు కూలిపోతాడు, అతన్ని కాపాడాలని పరిగెత్తి దిగిన రెండోవాడూ కూలిపోతాడు. గాలిని కొలవకుండా, అనుమతి పత్రం లేకుండా దిగకూడదన్న నియమం ఇలాంటి మరణాల నుంచి పుట్టినదే. పై అధికారి దిగమన్నా ‘గాలి కొలిచారా’ అని అడగగల స్వభావం మీకు ఉందా అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. ఊరికే తల ఊపే మనిషికి ఈ వృత్తి మంచిది కాదు.

ఇక ఇంటికి దూరం. అధికారులకు ఒక్కో ఒప్పందం సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలలు, కింది సిబ్బందికి ఆరు నుంచి తొమ్మిది నెలలు ఉంటుంది. పండుగలు, పెళ్లిళ్లు, చావులు మీరు లేకుండానే జరిగిపోతాయి. 2020లో కోవిడ్ వల్ల దేశాలు సరిహద్దులు మూసివేసినప్పుడు, ఆ ఏడాది చివరికి దాదాపు నాలుగు లక్షల మంది నావికులు ఒప్పందం ముగిసినా దిగలేక ఓడల్లోనే ఉండిపోయారు. 2023 నవంబరులో ఎర్ర సముద్రంలో యెమెన్‌కు చెందిన సాయుధ వర్గం హూతీలు పట్టుకున్న గెలాక్సీ లీడర్ ఓడలోని 25 మంది సిబ్బంది 2025 జనవరిలో గానీ విడుదల కాలేదు. ఇవి అరుదైన సంఘటనలే అయినా, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచవలసినవి.

అవకాశం ఉంటే, ప్రస్తుతం ఓడల్లో పనిచేస్తున్న ఒకరితోను, ఐదారేళ్లు చేసి మానేసిన ఒకరితోను విడివిడిగా మాట్లాడండి. మానేసినవారి మాటే ఎక్కువ పనికి వస్తుంది. ఎందుకు మానేశారు, దిగాక ఒడ్డున ఏ ఉద్యోగం దొరికింది, ఎంత కాలానికి దొరికింది అని అడగండి. కెప్టెన్, చీఫ్ ఇంజనీర్ స్థాయి దాకా వెళ్లినవారికి రేవు పైలట్ (ఓడలను రేవులోకి నడిపించేవారు), సర్వేయర్ (ఓడలను తనిఖీ చేసేవారు), కంపెనీ సూపరింటెండెంట్ వంటి దారులు ఉంటాయి. మధ్యలో దిగినవారిలో ఇంజిన్ విభాగంవారికి విద్యుత్ కేంద్రాలు, కర్మాగారాలు అక్కరకు వస్తాయి. డెక్కు విభాగంవారికి ఒడ్డున సరిపోలే పని వెతుక్కోవడం కష్టం.

3. ఏ విభాగం, ఏ స్థాయి అన్నది ఎంచుకోండి

ఓడలో చేరడానికి రెండు స్థాయిల ద్వారాలు ఉన్నాయి. క్యాడెట్‌గా చేరి అధికారి కావడం ఒకటి, రేటింగ్‌గా, అంటే కింది స్థాయి సిబ్బందిగా చేరడం రెండోది. గణితం, భౌతిక శాస్త్రం బాగా వచ్చి, మూడు నాలుగేళ్లు చదువుకు, పరీక్షలకు కేటాయించగలిగితే మొదటిది ఎంచుకోండి. త్వరగా సంపాదన కావాలి, చేతి పని అంటే ఇష్టం అనుకుంటే రెండోది. అయితే రేటింగ్‌గా చేరినవారికి పైకి దారి మూసుకుపోదు. గుర్తింపు పొందిన శిక్షణ కార్యక్రమంలో భాగంగా, శిక్షణ నమోదు పుస్తకం నింపుతూ సముద్రం మీద పన్నెండు నెలలు పూర్తిచేసిన క్యాడెట్ డెక్కు వాచ్ అధికారి పరీక్షకు అర్హుడవుతాడు. అలాంటి కార్యక్రమం లేనివారు 36 నెలలు చేయాలి. రెండు దారుల్లోనూ కనీసం ఆరు నెలలు అధికారి పర్యవేక్షణలో బ్రిడ్జి వాచ్ చేసి ఉండాలి. ఇంజిన్ వైపు పన్నెండు నెలల లెక్కలో వర్క్‌షాప్ శిక్షణ కూడా కలుస్తుంది, కానీ ఆరు నెలలు ఇంజిన్ గది వాచ్ తప్పదు. ఇవి ఎస్‌టీసీడబ్ల్యూ కనీసాలు. మీ దేశం ఇంకా ఎక్కువ అడగవచ్చు.

డెక్కు రేటింగ్‌కు మెట్లు ఓఎస్ (ఆర్డినరీ సీమన్), ఏబీ (ఏబుల్ సీమన్), బోసన్. ఇంజిన్ రేటింగ్‌కు వైపర్, మోటార్‌మన్, ఫిట్టర్. వంట విభాగం మూడోది, దీన్ని తక్కువగా చూడకండి. ఇరవై మందికి నెలల తరబడి మూడు పూటలా వండిపెట్టే చీఫ్ కుక్ మంచివాడైతే ఓడంతా మంచిగా ఉంటుందని నావికులందరూ చెప్పే మాట. విద్యుత్తు, ఎలక్ట్రానిక్స్ మీద ఆసక్తి ఉన్నవారికి ఈటీఓ, అంటే ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్, అనే దారి ఉంది. కొత్త ఓడల్లో సెన్సర్లు, నియంత్రణ వ్యవస్థలు పెరిగేకొద్దీ ఈ పదవికి విలువ పెరుగుతోంది.

వయసు విషయంలో, 2006 నాటి సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం పదహారేళ్లలోపు వారికి ఓడలో పని లేదు, పద్దెనిమిది నిండనివారికి శిక్షణ కోసం తప్ప రాత్రి పని లేదు. ఈ ఒప్పందాన్ని ఎంఎల్‌సీ అంటారు. ఇది 2013 ఆగస్టు 20న అమలులోకి వచ్చింది, ఇక మీద చెప్పబోయే హక్కులలో చాలా భాగం దీని నుంచి వచ్చినవే.

ఆడపిల్లలకు ఒక మాట విడిగా చెప్పాలి. నౌకా యజమానుల సంఘాలైన బిమ్కో, ఐసీఎస్‌లు 2021లో వెలువరించిన అంచనా ప్రకారం ప్రపంచంలోని సుమారు 18.9 లక్షల నావికుల్లో స్త్రీలు 24,059 మంది మాత్రమే. ఓడలో మీరొక్కరే స్త్రీ కావడం సాధారణం. వేధింపుల నివారణను ప్రాథమిక శిక్షణలో భాగం చేస్తూ ఎస్‌టీసీడబ్ల్యూను సవరించారు, అది 2026 జనవరి 1 నుంచి అమలు. అయినా కంపెనీని ఎంచుకునేటప్పుడు అందులో ఇప్పటికే ఎంతమంది స్త్రీలు అధికారులుగా ఉన్నారో, ఓడ బయట ఫిర్యాదు వినే వ్యక్తి ఎవరో సూటిగా అడగండి. జవాబు తడబడితే మరో కంపెనీ చూసుకోండి.

4. ముందు ఓడ, తరువాత కళాశాల

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఈ పనికి కేటాయించండి. ప్రపంచానికి అధికారుల కొరత ఉందని శిక్షణ సంస్థల ప్రకటనలు చెబుతాయి, అందులో అబద్ధం లేదు. పైన చెప్పిన 2021 అంచనాయే 2026 నాటికి మరో 89,510 మంది అధికారులు కావాలని లెక్కగట్టింది. కానీ కంపెనీలు వెతికేది ఎక్కువగా అనుభవం ఉన్న అధికారులను. అనుభవం లేని క్యాడెట్‌ను ఎక్కించుకోవడానికి ఓడలో ఖాళీ క్యాబిన్ ఉండాలి, లైఫ్‌బోటులో సీటు ఉండాలి, నేర్పే తీరిక ఒకరికి ఉండాలి. ఆ ఇరుకు దగ్గరే చాలామంది ఆగిపోతారు.

అందువల్ల, నౌకా కంపెనీ స్పాన్సర్‌షిప్ ఇచ్చి, ఆ తరువాత శిక్షణకు పంపే దారిని ముందు ప్రయత్నించండి. ఆ కంపెనీల ప్రవేశ పరీక్షలు, ఇంటర్వ్యూలు చదువు చివరి ఏడాదిలోనే ఉంటాయి కనుక ముందుగా వివరాలు సేకరించాలి. స్పాన్సర్‌షిప్ దొరకక నేరుగా కళాశాలలో చేరవలసి వస్తే, రుసుము కట్టేముందు ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు అడగండి: గత రెండు బ్యాచ్‌లలో ఎంతమంది చేరారు, వారిలో ఎంతమందికి ఓడ దొరికింది, చదువు ముగిసిన ఎన్ని నెలలకు దొరికింది, ఏ కంపెనీలో. ‘వంద శాతం ప్లేస్‌మెంట్ సహాయం’ అన్న మాటలో సహాయం అన్న పదం ఉందని గమనించండి. అది హామీ కాదు. కళాశాల చెప్పిన కంపెనీకి మీరే ఉత్తరం రాసి, ఆ సంస్థ నుంచి క్యాడెట్లను తీసుకుంటున్నారా అని అడగవచ్చు. చాలామంది మొహమాటపడి అడగరు, కానీ జీవితంలోని నాలుగేళ్లు పణంగా పెడుతున్నప్పుడు అడగడం మీ హక్కు.

కళాశాలకు, ప్రత్యేకంగా ఆ కోర్సుకు, మీ దేశపు నౌకాయాన శాఖ గుర్తింపు ఉందో లేదో ఆ శాఖ వెబ్‌సైటులోనే చూడండి. సంస్థకు గుర్తింపు ఉండి కోర్సుకు లేకపోవడం జరుగుతుంది. స్పాన్సర్‌షిప్ పత్రంలో మీరు మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలో, అధికారి అయ్యాక ఎన్నేళ్లు అదే కంపెనీలో పనిచేయాలో కూడా రాసి ఉంటుంది. ఆ పేజీని ఇంట్లో పెద్దల చేత కూడా చదివించండి.

5. దళారీల విషయంలో జాగ్రత్త

ఉద్యోగం ఇప్పిస్తానని నావికుడి దగ్గర డబ్బు తీసుకోవడాన్ని ఎంఎల్‌సీ నిషేధించింది. మీరు భరించవలసినవి వైద్య ధ్రువపత్రం, నావికుల పుస్తకం, పాస్‌పోర్టు వంటి ప్రయాణ పత్రాల ఖర్చులు మాత్రమే; వీసా ఖర్చు సైతం ఓడ యజమానిదే. కాబట్టి ‘ఓడ ఎక్కించే ఫీజు’, ‘బాండు డిపాజిట్’, ‘కెప్టెన్‌కు ఇవ్వాలి’ అని ఎవరైనా ఏ పేరుతో అడిగినా, ఆ సంభాషణ అక్కడితో ముగించండి. ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉందా అన్నది కూడా నౌకాయాన శాఖ జాబితాలో చూడాలి, అతను గోడకు తగిలించిన కాగితంలో కాదు.

చేరిక ఉత్తరం వచ్చిందనుకోండి. అందులో ఓడ పేరు, దాని ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) సంఖ్య ఉండాలి. ఈ సంఖ్యలో ఏడు అంకెలుంటాయి, ఓడ పేరు, జెండా, యజమాని మారినా ఇది మారదు. సంఖ్య కల్పితమా కాదా అని కాగితం మీదే ఒక మెట్టు తేల్చుకోవచ్చు. మొదటి ఆరు అంకెలను వరుసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కలపండి. మొత్తంలోని చివరి అంకె, సంఖ్యలోని ఏడో అంకె ఒకటే కావాలి. ఉదాహరణకు 9074729 తీసుకుంటే 63, 0, 35, 16, 21, 4 వస్తాయి; మొత్తం 139; చివరి అంకె 9, సరిపోయింది. సరిపోకపోతే ఉత్తరం నకిలీదే. సరిపోతే మాత్రం అసలుదని చెప్పలేం, ఎందుకంటే మోసగాడు నిజమైన ఓడ సంఖ్యనే రాసి ఉండవచ్చు. అప్పుడు ఈక్వాసిస్ అనే ఉచిత వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుని ఆ ఓడను వెతకండి. యజమాని, నిర్వహణ కంపెనీ, రేవు అధికారుల తనిఖీల్లో దొరికిన లోపాలు, ఓడను ఎన్నిసార్లు ఆపివేశారన్న వివరాలు అందులో ఉంటాయి. పదే పదే నిలిపివేతకు గురైన ఓడ, నెలకోసారి యజమాని మారే ఓడ మీ మొదటి ఓడ కాకూడదు. ఆపైన నిర్వహణ కంపెనీకి, ఉత్తరంలో ఉన్న ఈమెయిలుకు కాకుండా ఆ కంపెనీ సొంత వెబ్‌సైటులో ఉన్న చిరునామాకు, రాసి నిర్ధారించుకోండి.

6. కాగితాలు

పాస్‌పోర్టు, నావికుల పుస్తకం, నావికుడి గుర్తింపు పత్రం, వైద్య ధ్రువపత్రం, ప్రాథమిక భద్రతా శిక్షణ పత్రాలు, పసుపు జ్వరం టీకా పుస్తకం. ప్రాథమిక శిక్షణలో నాలుగు భాగాలుంటాయి: సముద్రంలో ప్రాణాలు నిలుపుకోవడం, మంటలు ఆర్పడం, ప్రథమ చికిత్స, వ్యక్తిగత భద్రత. దానితోపాటు ఓడ భద్రతా (సెక్యూరిటీ) అవగాహన కోర్సు కూడా చేయాలి. ఈత రాకపోతే ఇప్పుడే నేర్చుకోవడం మొదలుపెట్టండి. అన్ని పత్రాలనూ స్కాన్ చేసి ఇంట్లో ఒక ప్రతి ఉంచండి.

7. ఒప్పంద పత్రంలో డబ్బు, సెలవు, తిరుగు ప్రయాణం చదవండి

సంతకం చేసేముందు చదివి, సలహా తీసుకునే సమయం ఇవ్వాలని నియమమే ఉంది. జీతం నెల నెలా చెల్లించాలి, లెక్క చీటీ ఇవ్వాలి, మీరు చెప్పిన భాగాన్ని నేరుగా ఇంటికి పంపాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏబీ స్థాయి నావికుడికి కనీస మూల వేతనాన్ని ప్రకటిస్తుంది. 2025లో అది నెలకు 673 అమెరికన్ డాలర్లుగా ఉండేది. క్యాడెట్‌కు ఇచ్చేది జీతం కాదు, భృతి. అది దీనికన్నా బాగా తక్కువగా ఉండవచ్చు. ఇంకొక సంగతి చాలామంది లెక్కలో మరచిపోతారు. చాలా కంపెనీల్లో ఓడ దిగిన రోజుతో జీతం ఆగుతుంది, మళ్లీ ఎక్కేదాకా రాదు. చదువుకు అప్పు తీసుకునేవారు ఏడాదికి పన్నెండు నెలల జీతం లెక్కవేసుకోకూడదు. ఎనిమిది నెలలే అనుకుని, మొదటి ఓడ ఆలస్యమైతే వాయిదాలు ఎవరు కడతారో ముందే తేల్చుకోవాలి.

సెలవు నెలకు కనీసం రెండున్నర రోజుల చొప్పున జమవుతుంది. ఇరవై నాలుగు గంటల్లో కనీసం పది గంటలు, వారంలో కనీసం 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. ఏకబిగిన పన్నెండు నెలలకు తక్కువగానే ఓడలో ఉంచాలి, ఒప్పందం ముగిశాక ఇంటికి పంపే ఖర్చు యజమానిదే. రెండు నెలల జీతం చెల్లించకుండా వదిలేస్తే చట్టం దృష్టిలో అది నావికులను ఓడలో వదిలివేయడమే. అలాంటప్పుడు ఆదుకునే బీమా పత్రం ప్రతి ఓడలోనూ అందరికీ కనిపించేలా అంటించి ఉండాలి. ఓడ ఎగరేసే జెండా మీ దేశానిది కాకపోవచ్చు. ప్రపంచంలోని ఓడల్లో పెద్ద భాగం లైబీరియా, పనామా, మార్షల్ దీవుల జెండాల కింద నడుస్తాయి, ఓడ మీద వర్తించేది ఆ దేశాల చట్టమే. అందుకే ఒప్పందంలో కార్మిక సంఘంతో కుదిరిన సామూహిక ఒప్పందం ప్రస్తావన ఉందేమో చూడండి. ఉంటే జీతం ఎగవేత వంటి కష్టం వచ్చినప్పుడు రేవుల్లో ఉండే అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య తనిఖీదారులను ఆశ్రయించడం తేలికవుతుంది.

8. మొదటి ఓడ

సామాను పెట్టుకోగానే నిద్రపోకండి. క్యాబిన్‌లో లైఫ్ జాకెట్ ఎక్కడుందో, మీ పేరు ఏ లైఫ్‌బోటు ఎదురుగా ఉందో మస్టర్ జాబితాలో (అత్యవసరంలో ఎవరు ఎక్కడికి చేరాలో రాసి ఉంచే జాబితా) చూసి, అక్కడికి ఒకసారి చీకట్లో నడుస్తున్నట్టుగా గోడ పట్టుకుని నడిచి రండి. ఏడు పొట్టి కూతలు, ఆపై ఒక పొడుగు కూత వినిపిస్తే అది అత్యవసర పిలుపు. మద్యం విషయంలో ఎస్‌టీసీడబ్ల్యూ పరిమితి రక్తంలో 0.05 శాతం, చాలా కంపెనీలు అసలే ఒప్పుకోవు, మత్తుమందు పరీక్షలో దొరికితే ఉద్యోగం పోయినట్టే.

శిక్షణ నమోదు పుస్తకాన్ని నెలాఖరుకు వాయిదా వేయకుండా, పని నేర్చుకున్న వారంలోనే సంబంధిత అధికారి చేత సంతకం పెట్టించుకోండి. ఆ అధికారి మీకన్నా ముందు దిగిపోతే ఆ పేజీ ఖాళీగా మిగులుతుంది. దిగే రోజు హడావుడి ఎక్కువగా ఉంటుంది, ఏజెంటు కారు కింద ఎదురుచూస్తుంటుంది. అయినా గ్యాంగ్‌వే, అంటే ఓడ మెట్లు, దిగకముందే నావికుల పుస్తకం తెరిచి ఓడ పేరు, ఐఎంఓ సంఖ్య, ఎక్కిన తేదీ, దిగిన తేదీ, హోదా, కెప్టెన్ సంతకం, ముద్ర ఒక్కొక్కటిగా సరిచూసుకోండి. బ్రిడ్జి వాచ్ లేదా ఇంజిన్ గది వాచ్ చేసిన నెలలను విడిగా పేర్కొన్న సీ సర్వీస్ ఉత్తరాన్ని కూడా అప్పుడే తీసుకోండి. ఓడ కదిలిపోయాక ఒక తప్పు తేదీని దిద్దించుకోవడానికి నెలలు పడుతుంది, పరీక్షకు దరఖాస్తు చేసేటప్పుడు అధికారులు లెక్కపెట్టేది ఆ తేదీలనే.